ఊట దాటాక

ఆకుల్ని రెండువైపులా కడగాలి. ఒకవైపు కడిగి ఊరుకుంటే కుదరదు. ఎప్పుడో ఏళ్ల కిందట ఒక ఆకు వెనకాల చిన్న పురుగు కనిపించిందని అత్తగారు ఆ ముచ్చట ఇప్పటికీ ప్రతి పండక్కీ చెబుతూనే ఉంటుంది. అందుకే యోన్‌సిల్, కాల్చిన పంది మాంసం చుట్టుకు తినే ఆ ఆకుల్ని ఒక్కొక్కటే తిప్పి తిప్పి పంపు కింద పట్టి కడుగుతోంది. అక్టోబరు నెల, కొండ మీంచి వచ్చే నీళ్లు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

ఆ సర్కారు అడవిలో గుడారాలు వేసుకోవడానికి చెట్ల మధ్య చెక్క అరుగులు కట్టి ఉంచారు. అరుగులన్నిటికీ కలిపి ఒకటే తొట్టి. తొట్టి చుట్టూ ఏ అరుగు ఆడమనిషి ఆ అరుగు గిన్నెలతో నిలబడి ఉంది. ఎవరి మొహం చూసినా సెలవు మీద వచ్చిన మొహంలా లేదు. మధ్యలో ఒక కుర్రాయన వచ్చి రెండు గిన్నెలు తోముకుని వెళ్లాడు. ఆయన పెళ్లాం ఎంత అదృష్టవంతురాలో అని అందరూ తెగ మెచ్చుకున్నారు. యోన్‌సిల్ కూడా మెచ్చుకుంది. ఆ తర్వాత చేతిలో ఉన్న ఆకుల బుట్ట వంక చూసుకుని, నన్ను చూసి మా ఆయన అదృష్టం గురించి ఎవరూ అనలేదేం అనుకుంది.

సరిగ్గా అప్పుడే ఆ అదృష్టవంతుడు అటుగా వచ్చాడు. గ్యూచోల్ ఒంటి మీద ముదురు నారింజ రంగు చొక్కా, మోకాళ్లకి పట్టీలు, రెండు చేతుల్లో రెండు కర్రలు, నెత్తిన టోపీ. వెనకాల ఆయన చెల్లెలి మొగుడు పిల్‌హో అదే వేషంలో, కాకపోతే చిలకాకుపచ్చ రంగులో ఉన్నాడు.

"మేం పైదాకా వెళ్లొస్తాం," అన్నాడు గ్యూచోల్. "నువ్వు కాసేపు రెస్ట్ తీసుకో. అసలు ఇక్కడికొచ్చిందే నీకోసం కదా."

అలాగేనంది యోన్‌సిల్. ఇంకేం అంటుంది? నానబెట్టిన బియ్యం ఒక పక్క, నూరాల్సిన వెల్లుల్లి ఒక పక్క, అత్తగారి మందులు ఒక పక్క, మధ్యలో రెస్ట్.

ఏటా ఆకులు ఎర్రబడే వేళకి వాళ్లీ అడవికి వస్తారు. వాళ్లుండే వోంజు ఊరి నుంచి పెద్ద దూరమేం కాదు. అరుగులు లాటరీలో ఇస్తారు కాబట్టి వేసవిలోనే పేర్లు నమోదు చేసుకుని, వచ్చిందా రాలేదా అని ఇల్లంతా ఉత్కంఠగా చూస్తారు. యోన్‌సిల్ మొదటిసారి వచ్చినప్పుడు కూతురు హేదమ్ కడుపులో ఉంది. ఆ కూతురు ఇప్పుడు పుసాన్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. ఇన్నేళ్లలో యోన్‌సిల్ కొండదారి మొదట్లో ఉన్న చెక్క గేటు దాటి ఒక్క అడుగు వేసి ఎరగదు. మొదట కడుపుతో ఉంది. ఆ పైన చంకలో పిల్ల. ఆ పైన మామగారికి వేళకి అన్నం. ఒక ఏడు వాన పడి గుడారానికి కాపలా. ఆ తర్వాత అత్తగారి మోకాళ్లు, ఇప్పుడు అత్తగారి విరిగిన తుంటి ఎముక. ఒక ఏడు మాత్రం నోరు తెరిచి అడిగింది, పైన ఎట్లా ఉంటుందండీ అని. "ఏముంటుంది, కొండే," అన్నాడాయన. "శిఖరం మీద పేరు చెక్కిన రాయి ఉంటుంది. దాని పక్కన ఫోటో తీయించుకోడానికి పెద్ద క్యూ. నాకంత ఓపిక లేదు, దిగొచ్చేశా." ఆ సాయంత్రం ఆయన కాళ్లు పెట్టుకోడానికి బేసిన్‌లో వేణ్నీళ్లు పెట్టింది. కొండెక్కి వచ్చిన మనిషి కదా. అప్పటినుంచి ఏటా పెడుతూనే ఉంది.

ఈసారి మాత్రం ఆమె మనసు ఆకుల మీదా లేదు, కొండ మీదా లేదు. పొద్దున కారులో జరిగిన మాట మీద ఉంది. కారు ఎప్పుడూ గ్యూచోలే నడుపుతాడు. యోన్‌సిల్ ఊరి బస్సు డ్రైవరు. మార్కెట్ నుంచి ఆస్పత్రి మీదుగా కొత్త కాలనీ దాకా రోజంతా జనాన్ని తిప్పే మనిషి. అయినా సొంత కారులో మాత్రం వెనక సీట్లో అత్తగారి పక్కన కూర్చుంటుంది. బస్సు నడపడం వేరు, కారు నడపడం వేరు అంటాడాయన. మలుపు మలుపుకీ ఆయన బ్రేకు నొక్కే తీరు చూస్తే ఆమె కుడికాలు తనంతట తానే కింద నొక్కుకుంటుంది. అలాంటి ఒక మలుపు దగ్గర ఆయన అద్దంలోంచి ఆమె వంక చూసి అన్నాడు, "ఇవాళ భోజనాల దగ్గర అందరికీ చెప్పేద్దాం. నెలాఖరుకి ఉద్యోగం మానేస్తున్నానని నువ్వే నీ నోటితో చెప్తే అమ్మకీ నిశ్చింతగా ఉంటుంది. ఇంకొన్నాళ్లే కదా." యోన్‌సిల్ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టని ఆ ఇంట్లో పెళ్లయిన కొత్తలోనే తేలిపోయింది.

ఆయనకి తెలియని సంగతి ఒకటుంది. రెండ్రోజుల కిందట డిపోలో మేనేజరు ఆమెని పిలిచి, కొండ మీది ఊళ్లకి వెళ్లే బస్సు నీదేనన్నాడు. ఆ దారి కావాలని యోన్‌సిల్ ఎప్పటినుంచో అడుగుతోంది. ఇరుకు దారి, మలుపులెక్కువ, ఆడవాళ్లకెందుకని ఇన్నాళ్లూ ఇవ్వలేదు. సోమవారం నుంచి మొదటి బస్సు ఆమెది. ఆ మాట విన్నప్పుడు డిపో టాయిలెట్లోకి వెళ్లి తలుపేసుకుని ఒక్కతే నవ్వుకుంది. ఇంటికొచ్చి చెబుదామనుకుంటే గ్యూచోల్ అప్పటికే చెల్లెలితో ఫోన్లో, "వదిన మానేస్తోందిలే, అంతా సర్దుకుంటుంది" అంటున్నాడు. ఆయన జిల్లా ఆఫీసులో పనిచేసి వసంతకాలంలోనే రిటైరయ్యాడు. పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడు. అలాంటిది అమ్మని చూసుకోవడానికి యోన్‌సిల్ ఉద్యోగం మానాలి. ఈ లెక్క ఎవరికీ వింతగా అనిపించలేదు. నిజం చెప్పాలంటే మొదట యోన్‌సిల్‌కి కూడా అనిపించలేదు.

ఆమె ఆకులు తీసుకుని అరుగు దగ్గరికి వచ్చేసరికి అత్తగారు మడత కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. పక్కనే ఆడపడుచు మిరాన్ ఇంకో కుర్చీలో కూర్చుని గోళ్ల రంగు ఆరబెట్టుకుంటోంది. మిరాన్ చెడ్డది కాదు. పని ముట్టుకోదు, అంతే.

"వదినా, మన మగాళ్లు తిండి డబ్బా మర్చిపోయి వెళ్లారు," అంది మిరాన్.

నిజమే. పొద్దున్నే లేచి సముద్రపు నాచు రేకుల్లో అన్నం పెట్టి చుట్టిన గింబాప్ చుట్టలు, కోసిన పళ్లు, దాహానికి కొరుక్కోవడానికి దోసకాయలు, అన్నీ సంచిలోనే ఉన్నాయి. ఈలోగా ఫోన్ మోగింది. గ్యూచోల్. "తెచ్చిస్తావా? మేం ఊట దగ్గర ఆగుతాంలే. దగ్గరే. గేటు దాటి కాస్త ఎక్కితే వచ్చేస్తుంది, ఇంకాస్తే."

మిరాన్ తన గోళ్ల వంక చూసుకుంది. యోన్‌సిల్ సంచి భుజాన తగిలించుకుని, బస్సు నడిపేటప్పుడు వేసుకునే బూట్లే లేసు బిగించి కట్టుకుంది. అలా ఆమె ఆ చెక్క గేటు దాటింది. తిండి మోసుకుని వెళ్లే పనిలేకపోతే ఆ గేటు ఈ జన్మలో దాటేది కాదేమో.

లోపల దారి మొదట్లో మెత్తగా ఉంది. పైన చెట్ల ఆకులు పసుపు పచ్చగా రాలుతున్నాయి, కింద సెలయేరు మోత. కాసేపటికి రాళ్లు వచ్చాయి, ఆ పైన చెట్ల వేళ్లు మెట్లలా తేలిన ఎత్తు. యోన్‌సిల్‌కి ఆయాసం వచ్చింది. దిగి వస్తున్న ఒక గుంపు కనపడితే ఊట ఇంకెంత దూరమని అడిగింది. "వచ్చేశారు, వచ్చేశారు, ఇంకాస్తే!" అన్నారు అందరూ ఒకేసారి. ఆమె నడిచింది. ఊట రాలేదు. ఒక ముసలాయన ఎదురయ్యాడు. "ఇంకాస్తే, అదిగో ఆ మలుపే," అని కర్రతో చూపించాడు. ఆ మలుపు తిరిగితే ఇంకో మలుపు.

కొండ దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి ఈ మాట చెప్పడం అక్కడ మర్యాద. ఎంత దూరమున్నా సరే, ఇంకాస్తే అనాలి. అది అబద్ధమని చెప్పేవాళ్లకీ తెలుసు, వినేవాళ్లకీ తెలుసు. పాపం, ధైర్యం చెప్పడానికే అంటారు. కానీ మూడోసారి విన్నాక యోన్‌సిల్ దారి పక్క రాయి మీద కూర్చుండిపోయింది. ఈ మాట తనకి కొత్త కాదు. పెళ్లయిన మొదటి ఏడు ఏడుస్తూ పుట్టింటికి ఫోన్ చేస్తే, మీ ఆడపడుచు పెళ్లయ్యేదాకా ఓర్చుకో, ఇంకాస్తే అంది అమ్మ. పెళ్లయింది. పిల్ల బళ్లో పడేదాకా అన్నాడు గ్యూచోల్. పడింది. మామగారు మంచాన పడితే, ఆయనెంత, ఇంకొన్నాళ్లే అన్నారు ఆసుపత్రికి పళ్లు పట్టుకొచ్చిన చుట్టాలు. ఆ ఇంకొన్నాళ్లలో హేదమ్ బడి చదువు మొత్తం అయిపోయింది. ఎవరూ అబద్ధం చెబుదామని చెప్పలేదు. అందరూ ధైర్యమే చెప్పారు. అంత ధైర్యం చెప్పే బదులు ఎవరైనా ఒకళ్లు వచ్చి ఒక పూట సంచి పట్టుకుని ఉంటే బాగుండేదని ఆమెకి ఆ రాయి మీద కూర్చుని అనిపించింది.

తన బస్సులో ఇలా కుదరదు. ఎవరైనా, "డ్రైవరమ్మా, ఆస్పత్రి ఇంకెంత దూరం?" అని అడిగితే మూడు స్టాపులంటే మూడు స్టాపులే. ఇంకాస్తే అంటే ముసలమ్మలు మూటలు సర్దుకుని లేచి నిలబడతారు, బ్రేకు వేస్తే పడతారు. అందుకే ఉన్నదున్నట్టు చెబుతుంది. ఆ సీటంటే ఆమెకి ప్రాణం. లోకంలో ఆ ఒక్క కుర్చీలో కూర్చున్నప్పుడే ఆమెని లేచి మంచినీళ్లు పట్రమ్మని ఎవరూ అనరు. మొదటి రోజు ఒకాయన బస్సెక్కి, స్టీరింగు దగ్గర ఆడమనిషిని చూసి, దిగిపోయి వానలో నిలబడ్డాడు. ఇప్పుడు ఆయనే ఆమె వెనక సీటు కోసం మిగతావాళ్లతో తగువు పడతాడు, కాల్చిన చెస్ట్‌నట్ గింజలు తెచ్చి ఒళ్లో పోస్తాడు.

ఆ సీటు నెలాఖరుకి ఖాళీ చేయాలట. ఇంకొన్నాళ్లే కదా అట.

లేచి మళ్లీ నడిచింది. ఊట వచ్చింది. రాతి సందులోంచి సన్నగా నీళ్లు పడుతున్నాయి, పక్కన ఎర్ర ప్లాస్టిక్ దొప్ప వేలాడుతోంది. ఎదురుగా చదునైన బండ మీద చాప పరిచి ఉంది. చాప మీద గ్యూచోల్, పిల్‌హో బూట్లు విప్పేసి, కాళ్లు బార చాపుకుని కూర్చున్నారు. మధ్యలో బియ్యం కల్లు సీసా. సగం అయిపోయింది. వేరుశనగ తొక్కలు ఒక కుప్ప.

"రా చెల్లెమ్మా, రా," అన్నాడు పిల్‌హో. కల్లు మీద ఉన్నాడేమో మాట ఉల్లాసంగా ఉంది. "మొత్తానికి మా శిఖరం దాకా వచ్చేశావు."

యోన్‌సిల్‌కి మాట అర్థం కాలేదు. డబ్బా తీసి చాప మీద పెడుతూ, తినేసి పైకి వెళ్తారా అని అడిగింది.

"ఈ ఏడు మోకాళ్లు కొంచెం..." అన్నాడు గ్యూచోల్.

"ఈ ఏడేంటి బావా, ఏ ఏడు వెళ్లాం గనక," అన్నాడు పిల్‌హో, గింబాప్ చుట్ట నోట్లో వేసుకుంటూ. అని, బావ మొహం చూసి నమలడం ఆపేశాడు.

యోన్‌సిల్ మొగుడి వంక చూసింది. ఆయన దొప్పలో నీళ్లు పట్టుకుని, తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. మరి శిఖరం మీద రాయి, ఫోటోకి క్యూ అని అడిగింది. "క్యూ ఉంటుందని అందరూ చెప్తారుగా," అన్నాడాయన నీళ్లలోకి చూస్తూ.

ఆమెకి ఒళ్లు మండింది. ఆయన పైకి వెళ్లనందుకు కాదు. మోకాళ్లు ఎవరివైనా మోకాళ్లే. ఏటేటా ఆ కాళ్ల కింద వేణ్నీళ్ల బేసిన్ పెట్టినందుకు మండింది. ఈ చాప దాకా వచ్చి కల్లు తాగి దిగిన కాళ్లకి తను వంగి ఉప్పు వేసి మరీ పెట్టింది. అయితే మంట ఎక్కువసేపు నిలవలేదు. దాని వెనకాలే నవ్వు వచ్చింది. చిలకాకుపచ్చ చొక్కా, నారింజ చొక్కా, నాలుగు కర్రలు, మోకాలి పట్టీలు, ఈ చాప. ఆమె నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. పిల్‌హో కూడా భయం భయంగా నవ్వాడు.

డబ్బాలోంచి రెండు చుట్టలు కాగితంలో కట్టుకుని, ఒక దోసకాయ జేబులో పెట్టుకుని, చిన్న సీసాలో ఊట నీళ్లు పట్టి ఇంకో జేబులో దోపుకుంది. సంచి అక్కడే వదిలేసింది. భుజం ఒక్కసారిగా తేలికైంది.

"నేను వెళ్లొస్తాను," అంది.

"మెల్లగా దిగు, జారుతుంది," అన్నాడు గ్యూచోల్.

"కిందికి కాదు. పైకి."

ఆయన దొప్ప కింద పెట్టాడు. "ఇప్పుడా? చాలా దూరం. ఇక్కణ్ణించి అంతా రాళ్లే. నీవల్ల కాదు."

"మీకెట్లా తెలుసండీ?" అంది యోన్‌సిల్.

నిజంగానే అడిగింది, దెప్పడానికి కాదు. పిల్‌హోకి పొరబోయింది. గ్యూచోల్ అతని వీపు తడుతూనే, అక్కడ అమ్మ ఉంది, సాయంత్రం వంట ఉంది, చీకటి పడితే ఎట్లా అని వరసగా అందుకున్నాడు. ఇన్నేళ్లూ దగ్గరే, దగ్గరే అన్న మనిషికి ఈవిడ కాలు పైకి వేసేసరికి అంతా దూరమైపోయింది. యోన్‌సిల్ నిదానంగా చెప్పింది. మిరాన్ అక్కడే ఉంది, వాళ్లమ్మే. ఆకులు కడిగి పెట్టాను. బియ్యం నానుతోంది. మాంసం మంచు పెట్టెలో ఉంది. స్టవ్ ముట్టించడం పిల్‌హో అన్నయ్యగారికి వచ్చు. చీకటి పడేలోపు దిగిపోతాను. చెప్పి, ఊట పక్కనుంచి పైకి వెళ్లే దారి పట్టింది. వెనక నుంచి ఆయన ఏదో అన్నాడు. నీళ్ల చప్పుడులో వినపడలేదు, వినడానికి ఆగనూ లేదు.

ఊట దాటాక దారి నిజంగానే కష్టం. ఆ మాట మాత్రం ఆయన నిజమే చెప్పాడు, తెలియకుండా. రాళ్ల మధ్య ఇనప మెట్లు, మెట్ల పక్క తాళ్లు. రెండు చేతులా తాడు పట్టుకుని ఒళ్లు పైకి లాక్కోవాల్సి వచ్చింది. గుండె చెవుల్లో కొట్టుకుంది. దిగుతున్న ఒకావిడ, ఎర్రని టోపీ పెట్టుకున్న పెద్దావిడ, ఈమె అడక్కుండానే, "ఇంకాస్తే!" అంది. యోన్‌సిల్ నవ్వి, "కాదని తెలుసులెండి," అంది. ఆవిడ ఒక్క క్షణం ఆగి తనూ నవ్వేసి, అయితే కూర్చుని కూర్చుని వెళ్లు తల్లీ అని దిగిపోయింది. యోన్‌సిల్ అలాగే కూర్చుని కూర్చుని ఎక్కింది. ఎవరి కోసం తొందర? వెనక ఎవరూ లేరు, ముందు ఎవరూ లేరు. ఆకలేసిన చోట కూర్చుని రెండు గింబాప్ చుట్టలూ తినేసింది. పొద్దున చుట్టేటప్పుడు అంచులు తిన్నది కదా, నడి ముక్కలు ఇంత రుచిగా ఉంటాయని అప్పుడే తెలిసింది. ఉప్పు కాస్త తక్కువైంది, ఎవరూ అనలేదు.

పైన గాలి. అంత గాలిలో మొహానికి చెమట ఎప్పుడు ఆరిపోయిందో తెలియలేదు. పేరు చెక్కిన రాయి ఉంది, గ్యూచోల్ చెప్పినట్టే. క్యూ మాత్రం లేదు. ఇద్దరు ముగ్గురు మనుషులు, రొట్టెముక్క కోసం తచ్చాడుతున్న ఒక ఉడత. ఎవరో ఒకావిడ ఫోన్ అడిగి తీసుకుని ఫోటో తీసింది. చేతులు అలా పొట్ట మీద కట్టుకోకండి, ఎక్కింది మీరే కదా, చాపండి అంది. యోన్‌సిల్ సిగ్గుపడుతూనే చాపింది.

తర్వాత అంచున బండ మీద కూర్చుని దోసకాయ తీసింది. కింద చెట్ల మధ్య అరుగులు అగ్గిపెట్టెల్లా కనిపిస్తున్నాయి. అందులో ఒకదాని మీద రాత్రి భోజనాలకి చాప పరుస్తారు, తను నోరు తెరిచి మానేస్తున్నానని చెప్పాలి. కొండకి అవతల వైపు చూసింది. నీలం రేకుల ఇళ్ల ఊరు, దాని పైన ఇంకో ఊరు, రెంటినీ కలుపుతూ మెలికలు తిరిగిన దారి. ఆ దారి ఆమెకి తెలుసు. సోమవారం నుంచి నడపాల్సిన దారి. మలుపులెక్కువన్నారు గానీ పైనుంచి చూస్తే అంత భయంగా లేదు. ఇక్కడ రెండో గేరు, అక్కడ హారన్, ఆ చెట్టు దగ్గర ఎదుటి బండికి దారివ్వాలి. దోసకాయ కొరుకుతూ మలుపు మలుపూ మనసులోనే నడిపింది. చివరి ఊరు దాకా వెళ్లి బండి తిప్పేసరికి దోసకాయ అయిపోయింది. మొత్తం కాయ, తనొక్కతే. ఎవరికీ ముక్క కోసి ఇవ్వలేదు. అంత చిన్న విషయానికి ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

దిగేటప్పుడు ఇనప మెట్లకి కింద, ఊటకి కొంచెం పైన ఒక చిన్నపిల్ల లాంటి పడుచు ఎదురైంది. వీపున రెండేళ్ల బిడ్డ, మెడలో సంచి. కాళ్లు వణుకుతున్నాయి. మొగుడు ముందు వెళ్లాడట, పైన ఉంటానన్నాడట. ఇందాక మెట్ల మీద ఖాళీ చేతులతో ఈల వేసుకుంటూ ఎదురైన అబ్బాయి యోన్‌సిల్‌కి గుర్తొచ్చాడు.

"పిన్నిగారూ, ఇంకా చాలా దూరమా?" అంది ఆ పిల్ల.

ఇంకాస్తే అనే మాట యోన్‌సిల్ నాలిక మీదకి వచ్చేసింది. ఆ మాట వింటూ పెరిగిన నాలిక కదా. పళ్లు బిగించి దాన్ని ఆపుకుంది.

"దూరమే తల్లీ," అంది. "చాలా దూరం. ఇక్కణ్ణించి మెట్లు, తాళ్లు. బిడ్డతో చాలా కష్టం. పైన మాత్రం బాగుంది."

ఆ పిల్ల మొహం వాడుతుందనుకుంది. వాడలేదు. ఉన్నచోటే చతికిలబడి, బిడ్డని ఒళ్లోకి లాక్కుని, "పొద్దుటి నుంచీ అందరూ ఇంకాస్తే, ఇంకాస్తే అంటున్నారు. ఎంతకీ రాకపోతే నాకే నడవడం చేతకావట్లేదేమో అనుకున్నా," అంది.

యోన్‌సిల్ ఆమె పక్కన కూర్చుంది. ఆ మాట ఎక్కడో లోపల తగిలింది. ఇన్నేళ్లూ తను అనుకున్నదీ అదే. అందరూ ఇంకాస్తే అంటున్నారు, నేను చేరలేకపోతున్నాను, అయితే తప్పు నాదే. నాలోనే ఓర్పు లేదు, నేనే సరిగ్గా నడవట్లేదు. దూరం ఎక్కువని మాత్రం ఒక్కరూ అనలేదు. ఆమె తన సీసాలోని నీళ్లు ఆ పిల్లకిచ్చి, మీ ఆయనకి ఫోన్ చేసి కిందికి రమ్మను, బిడ్డని ఆయన వీపున కట్టు, అప్పుడు వెళ్లాలనిపిస్తే ఇద్దరూ వెళ్లండి అంది. ఆ పిల్ల ఫోన్ తీసేదాకా అక్కడే కూర్చుంది.

అరుగు చేరేసరికి వెలుతురు ఇంకా ఉంది. పిల్‌హో మాంసం కాలుస్తున్నాడు. ఒకవైపు మాడి, ఒకవైపు పచ్చిగా ఉంది. అన్నం పలుకుగా ఉడికింది. మిరాన్ రంగేసిన గోళ్లతోనే వెల్లుల్లి ఒలుస్తోంది. గ్యూచోల్ ఆమె వంక చూడకుండా పీట జరిపాడు. అందరూ కూర్చున్నారు. అత్తగారు ఒక ఆకు తీసుకుని అలవాటు కొద్దీ తిప్పి చూసి, పురుగు లేదని తేలాక మాంసం చుట్టుకుంది.

"ఎక్కడికి పోయావమ్మాయ్ ఇంతసేపు?" అంది.

"పైకి వెళ్లానత్తయ్యా. శిఖరం దాకా."

"ఊట దాటా?"

"ఊట దాటాక ఇంకా చాలా ఉందత్తయ్యా. ఊట సగం కూడా కాదు."

ముసలావిడ నమలడం ఆపి కొడుకు వంక చూసింది, అల్లుడి వంక చూసింది. "మీ మామగారూ అంతే," అంది తాపీగా. "ఊట దగ్గరే ఆగేవాడు. సంచిలో కల్లు వాసన రాదూ?"

"తెలిసి మీరేమీ అనలేదా అత్తయ్యా?"

"అని ఏం చేస్తాను. మా ఆయన కొండెక్కొచ్చాడని ఊళ్లో చెప్పుకోడానికి నాకూ బాగానే ఉండేది."

మిరాన్ కిసుక్కుమంది. గ్యూచోల్ గొంతు సవరించుకున్నాడు. మాట మార్చడానికో, అనుకున్నది కానిచ్చెయ్యడానికో, ఇదిగో హేదమ్ అమ్మ అందరికీ ఒక మాట చెప్పాలనుకుంటోంది అన్నాడు. యోన్‌సిల్ చేతిలోని ఆకు కింద పెట్టింది.

"కొండ మీది ఊళ్ల బస్సు నాకిచ్చారు," అంది. "సోమవారం నుంచి మొదటి బస్సు నాదే. నేను మానను."

మాంసం చిటపటలాడింది, పిల్‌హో తిప్పడం మర్చిపోయాడు. "అదేంటి," అన్నాడు గ్యూచోల్. "మనం అనుకున్నాం కదా. మరి అమ్మనెవరు చూస్తారు? ఎల్లకాలం మానెయ్యమన్నామా, ఇంకొన్నాళ్లే కదా..."

"ఏంట్రా ఇంకొన్నాళ్లే?" అంది అత్తగారు. "నేను పోయేదాకానా?"

యోన్‌సిల్ అత్తగారి వైపు తిరిగింది. ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. బస్సులో స్టాపు పేరు చెప్పినట్టే చెప్పింది.

"మీరు చాలా కాలం ఉండాలత్తయ్యా. ఉంటారు కూడా. ఇంకొన్నాళ్లే అని మీ గురించి అనడం నాకిష్టం లేదు. అందుకే చెప్తున్నాను, దూరం చాలా ఉంది. అంత దూరం నేనొక్కదాన్నే మోయలేను. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక మీ పని నేను చూస్తాను. పగలు మీ అబ్బాయి ఇంట్లోనే ఉంటారు."

"మగవాణ్ణి, నేనేం చేయగలను, స్నానాలూ అవీ," అన్నాడు గ్యూచోల్.

"స్నానానికి ఆసరాగా రమ్మని మనిషిని అడుగుదాం, ఊళ్లో ముసలివాళ్లకి సర్కారు వాళ్లు పంపిస్తున్నారుగా. అన్నం వడ్డించడానికీ, చెయ్యి పట్టుకుని నడిపించడానికీ మగవాడైతే ఏం?"

ఆయన తల్లి వంక చూశాడు, ఆవిడ కాదంటుందని. ముసలావిడకీ నచ్చినట్టు లేదు. మొహం ముడుచుకుని పలుకు అన్నం కాసేపు నమిలింది. కోడలి చేతి వంట అలవాటైన నోరు, కొడుకు చేతి వంట మీద దానికి నమ్మకం లేదు. చివరికి, "వీడికి పులుసు పెట్టడం నేర్పాలంటే నాకు ఆయుష్షు చాలదు," అని గొణిగింది. వద్దని మాత్రం అనలేదు.

మిరాన్ వెల్లుల్లి గిన్నె పక్కన పెట్టి, ఆదివారాలు నేనొస్తాలే వదినా అంది. అని, తనెందుకలా అందో తనకే తెలియనట్టు గోళ్ల వంక చూసుకుంది. పెచ్చులూడిన రంగు మీద వెల్లుల్లి పొర అంటుకుని ఉంది.

భోజనాలయ్యాయి. ఎంగిలి గిన్నెలు పోగుపడ్డాయి. యోన్‌సిల్ లేవలేదు. బూట్లు విప్పి, ఎర్రబడ్డ పాదాలు చెక్క మీద చాపుకుని కూర్చుంది. గ్యూచోల్ కాసేపు గిన్నెల వంకా, కాసేపు ఆమె పాదాల వంకా చూశాడు. ఆఖరికి కొన్ని బేసిన్‌లో వేసుకుని తొట్టి వైపు నడిచాడు. పోయేటప్పుడు కోపంగానే ఉన్నాడు, చెంచాల చప్పుడులో తెలుస్తోంది. తొట్టి దగ్గర ఆడవాళ్లెవరో మెచ్చుకున్నారు కాబోలు, తిరిగి వచ్చేటప్పుడు నడక కొంచెం మారింది. కడిగిన గిన్నెల బేసిన్ పట్టుకుని అరుగు కింద నిలబడి, "అయిపోయినట్టేనా? ఇవేగా?" అన్నాడు.

యోన్‌సిల్ వెనక్కి తిరిగి చూసింది. మాంసం కాల్చిన పెనం, అడుగంటిన అన్నం గిన్నె, కూర డబ్బాలు, గిన్నెలో గిన్నె. ఏ ఏడైనా ఈపాటికి, అయిపోయిందిలెండి, మీరు పడుకోండి, ఆ మిగిలినవి నేను చూసుకుంటాను అని ఉండేది.

"లేదండీ," అంది. "ఇంకా చాలా ఉన్నాయి."